ఓట్లు లేని ఊళ్ళో దణ్ణం

అబుదాబిలో నేను పనికి కుదిరిన రెండో ఇంట్లో, మొదటిరోజు తలుపు తీసిన మేడమ్ నాకంటే ముందు నాకు దణ్ణం పెట్టింది.

రెండు చేతులూ గుండె దగ్గర జోడించి, తల కాస్త వంచి, అచ్చం మనలాగే. నేను సంచీ పట్టుకుని గుమ్మం అవతలే ఆగిపోయాను. మాది గోదావరి లంక. మా పేటలోకి పెద్దిళ్ళవాళ్ళు వచ్చి మాకు ముందుగా చేతులు జోడించేది ఒక్క ఓట్ల రోజుల్లోనే. తక్కిన రోజుల్లో మేం పెట్టినా తల ఊపేవాళ్ళు కాదు. "పెద్దోళ్ళు ముందు దణ్ణం పెట్టారంటే వెనకాల ఏముందో చూసుకోవే" అని మా అమ్మ అంటుండేది. ఈ దేశంలో ఓట్లు లేవు. ఉన్నా నాకు రావు. మరి ఈవిడకి నా దగ్గర ఏం కావాలి?

అది ఎనభైల మొదట్లో మాట. మా ఊరివాళ్ళకి ఆ దేశమంతా కలిపి దుబాయే. అబుదాబి అన్నా, షార్జా అన్నా "దుబాయ్‌లో ఉంది" అనే చెప్పుకునేవారు. అంతకుముందు నేను ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, నన్ను తెచ్చిన కఫీలే, అంటే నా వీసాకి పూచీ ఉన్న అరబ్బే, నన్ను ఈ ఇంటికి ఇచ్చాడు. దొర ఫ్రాన్సు దేశపువాడు, నూనె బావుల కంపెనీలో ఇంజనీరు. నెలలో సగం సముద్రంలోనే ఉంటాడు. మేడమ్‌ది లావోస్ అని వేరే దేశం. నాకు ఆ పేరు అప్పటిదాకా తెలియదు. థాయిలాండ్ పక్కనే అంది. నాకు థాయిలాండూ తెలియదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు తెలిసిన దేశాలు రెండే: మాదీ, నేను వచ్చిందీ.

పొట్టి మనిషి. నలభై దాటి ఉంటాయి. జుట్టు వెనక్కి దువ్వి గట్టిగా ముడి వేసేది. ఇంట్లో పట్టు లుంగీలాంటిది కట్టేది, కింద మన చీరకి ఉన్నట్టే అంచు. చూడ్డానికి మన మనిషిలా ఉంటుంది, నోరు తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పూర్తిగా పరాయిదైతే ఒక పద్ధతి. సగం మనలా, సగం కాకుండా ఉంటే ఎలా నమ్మడం?

ఇంట్లో నాతోబాటు ఇంకొకడు డ్రైవరు. కరీంనగర్ వైపు వాడు. నన్ను అక్కా అనేవాడు. మా ఇద్దరి తెలుగూ కలవక మొదట్లో హిందీలోనే మాట్లాడుకున్నాం. తరవాత అతని మాట నాకు, నా మాట అతనికి అలవాటైంది.

"అక్కా, గీమె సంగతి నాకు మంచిగ కొడ్తలేదు" అన్నాడు నేను చేరిన వారానికి, కారు తుడుస్తూ. "పొద్దుగాల లేస్తె నాకు దండం వెడ్తది. మా అమ్మ పేరు అడిగింది. మా ఊరి పేరు అడిగింది. నాలుగు దినాలైనంక మళ్ళ అమ్మ పేరు వెట్టి, మంచిగున్నదా అని అడుగుతది. గంత యాద్కి ఎందుకు పెట్టుకున్నట్టు?"

నాకూ అదే. మా అమ్మ పేరు అడిగింది. చెప్పకపోతే బాగుండదని చెప్పాను. ఆ మర్నాటినుంచి, ఇంటినుంచి ఉత్తరం వచ్చిందని తెలిస్తే చాలు, అమ్మ పేరు పెట్టి కుశలం అడిగేది. చేపల బజారుకి వెళ్తే మలయాళీ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచేది. నీళ్ళ ట్యాంకరు తెచ్చే పఠాన్‌కి ముందు దణ్ణం పెట్టేది, అతను కంగారుపడి గొట్టం వదిలేసేవాడు. హిందీ మూడు నెలల్లో పట్టేసింది. దొరకి ఐదేళ్ళుగా 'పానీ' తప్ప రాలేదు. పనివాళ్ళ భాష ఇంత ఆత్రంగా నేర్చుకున్న ఇల్లాల్ని నేను ఎక్కడా చూడలేదు. ఎవరికోసం నేర్చుకుంటోంది?

జవాబు పడగ్గదిలో దొరికింది. దుమ్ము దులుపుతుంటే బీరువా మీద, గోడవైపు తిప్పిపెట్టిన ఫోటో ఒకటి. తిప్పి చూశాను. కర్రల వేదిక, మైకు, మైకు వెనక ఈవిడే, ఇప్పటికంటే పదేళ్ళు చిన్నగా. మెడలో పూలదండ. కింద నేలమీద కూర్చున్న జనం, ఎక్కువమంది ఆడవాళ్ళు, అందరి తలలూ ఆవిడవైపే. ఒక పక్కన తుపాకులవాళ్ళు నలుగురు. ఫోటోని మళ్ళీ గోడవైపు తిప్పేసి వచ్చి డ్రైవరుతో చెప్పాను.

"నేను అన్ననా లేదా? లీడరు!" అన్నాడు. "లీడరైతె ఆడనే ఉండాలె గద. గీ ఇసుకల ఏం పని? ఏదో పైసలు తిని పారిపోయొచ్చింది."

"తింటే ఇలా ఉంటుందా? మొన్న పాత లుంగీ చింపి మసిగుడ్డ చేసింది."

"తిన్నోళ్ళు గట్లనే కనవడ్తరక్కా. మా తాన చూస్త లేనా!"

లీడర్ల మాటకొస్తే నేనూ డ్రైవరు పక్షమే. ఆడవాళ్ళు ఏలలేరని కాదు, అప్పట్లో మన దేశాన్ని ఏలింది ఆడమనిషే. కానీ ఏలేవాళ్ళు మన వంటింట్లోకి వచ్చి పీటమీద కూర్చోరు. ఈవిడ కూర్చునేది.

వాళ్ళ బియ్యం వేరు. జిగురు బియ్యం. రాత్రి నానబెట్టి, పొద్దున్న వెదురుబుట్టలో పోసి ఆవిరిమీద ఉడికిస్తారు. అది ఆవిడే చేసుకునేది. ఉడికాక చేత్తో చిన్న చిన్న ముద్దలు చేసుకుని, పచ్చడిలో అద్దుకుని తింటుంది. మొదటిసారి చూసినప్పుడు పిండాలు గుర్తొచ్చి నేను మొహం తిప్పుకున్నాను. ఆ బియ్యం ఉడికే వేళలోనే, స్టవ్వు పక్కన కూర్చుని, హిందీలో తన కథ చెప్పేది. నేను అడక్కుండానే. అది ఇంకో అనుమానం.

వాళ్ళ ఊరు పెద్ద నది ఒడ్డున ఉందట. మీ గోదావరి కంటే పెద్దది అంది. అది నేను నమ్మలేదు. తండ్రి బడిపంతులు. కూతుర్ని ఓడెక్కించి ఫ్రాన్సుకి చదువుకి పంపాడు. తిరిగొచ్చి ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. పిల్లల తల్లులకి రోగాలు వస్తున్నాయని, నీళ్ళు కాచుకుని తాగమని చెప్పడానికి ఇళ్ళకి వెళ్ళేది. అలా వెళ్ళి వెళ్ళి, రేడియోలో వారానికోసారి ఆడవాళ్ళకి మాట్లాడమని పిలిచారు. నీళ్ళు కాచడం, పురుళ్ళు, పిల్లలకి సూదిమందు. గొంతు ఊరూరా తెలిసింది. అప్పుడు ఎవరో అన్నారట, నువ్వు ఎన్నికల్లో నిలబడరాదా అని.

"మగవాళ్ళు ఏమన్నారు?" అన్నాను. ఊరికే కాదు, ఏమంటుందో చూద్దామని.

"పెట్ట కూస్తే తెల్లారదు అన్నారు" అంది నవ్వుతూ.

ఆ మాట మా ఊళ్ళోనూ ఉంది. అంత దూరంలో అదే మాట ఉందంటే నాకు వింతనిపించలేదు, అనుమానం వచ్చింది. నా చేతే ఎప్పుడో చెప్పించుకుని నాకే తిప్పి చెప్తోందేమో.

నిలబడింది. పడవల్లో ఊరూరా తిరిగింది. ప్రతి ఊళ్ళోనూ ముందు ముసలివాళ్ళకి దణ్ణం పెట్టి, తల్లుల పేర్లు అడిగి, గుర్తుపెట్టుకునేదట. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ పేరుతో పలకరిస్తే ఇల్లంతా తనదే అయ్యేదట. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహంవైపు చూసింది. నేను పళ్ళెం కడుగుతున్నట్టు తల వంచుకున్నాను. దొరికిపోయావులే తల్లీ అనుకున్నాను లోపల. గెలిచింది. పెద్ద సభలో, అంతమంది మగవాళ్ళ మధ్య, వేళ్ళమీద లెక్కపెట్టే ఆడవాళ్ళలో ఒకతెగా కూర్చుంది. ఆస్పత్రికి పురుళ్ళ గది కట్టించింది. పెద్ద పెద్దవాళ్ళు ఇంటికి వచ్చి భోంచేసేవాళ్ళు. బజారుకి వెళ్తే జనం దారి ఇచ్చేవాళ్ళు.

తరవాత రాజ్యం మారింది. రాజు దిగిపోయాడు, కొత్తవాళ్ళు వచ్చారు. పాత సభలో కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పిలిచి కొత్త రాజ్యం పాఠాలు నేర్చుకోమని ఎక్కడో అడవుల్లోకి పంపారు, వాళ్ళు తిరిగి రాలేదు. ఒక సాయంత్రం ఈవిడ చేతిలో కూరలబుట్ట పట్టుకుని, బజారుకి వెళ్తున్నట్టు వెళ్ళి, పడవెక్కి నది దాటేసింది. అవతల ఒడ్డు వేరే దేశం. ఫ్రాన్సులో చదువుకునేటప్పుడు తెలిసిన దొరే తరవాత పెళ్ళాడాడు.

ఇదీ కథ. బాగానే ఉంది. కానీ నేను కథలు వినడంలో ఘటికురాల్ని. ఒకసారి చెప్పినప్పుడు "నేనూ చెల్లెలూ పడవెక్కాం" అంది. ఇంకోసారి "ఒక్కదాన్నే పడవలో" అంది. మూడోసారి మళ్ళీ చెల్లెలు లేదు. అతుకు ఎక్కడుందో పట్టేశాను అనుకున్నాను. ఇల్లు దాటిన తీరు రెండు రకాలుగా చెప్పే మనిషి, తక్కింది ఎన్ని రకాలుగా చెప్తుందో?

అలా ఉండగా డ్రైవరు తమ్ముడికి దెబ్బ తగిలింది.

తమ్ముడిది ఊరి బయట ఫ్యాక్టరీల పేట ముసఫ్ఫాలో ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో పని. పెళ్ళై ఏడాది నిండని మనిషి, అన్న వెనకాలే ఈ దేశం వచ్చాడు. పరంజా మీంచి పడ్డాడు. ఎముకలేవీ విరగలేదన్నారు ఆస్పత్రిలో. కానీ ఆనాటినుంచి మనిషి మనిషి కాదు. లేచి నిలబడితే వణుకు. నిచ్చెన చూస్తే చెమటలు. తిన్నది ఇమడదు. క్యాంపు మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని, ఇంటికి పంపించండి అనడం తప్ప వేరే మాట లేదు. అతని పాస్‌పోర్టు క్యాంపు ముదీర్ దగ్గర. ముదీర్ అంటే మేనేజరు. ఆయన ఒకటే పాట: "హడ్డీ నై టూటా. నాటక్ కర్తా. కాంట్రాక్ట్ పూరా కరో, ఫిర్ జావ్."

డ్రైవరు ఒక సాయంత్రం వంటింటి గడపమీద కూర్చుని, టీ చల్లారిపోతుంటే కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఇంక నెలరోజులు గీడనే ఉంటె మావోడు దక్కడక్కా. తిండి లేదు. నీళ్ళు తాగిపిస్తె తాగుతడు, లేకుంటె లేదు. ఎట్లనన్న ఇంటికి తోలాలె."

అప్పుడే మేడమ్ వెదురుబుట్ట కోసం వచ్చింది. అతను లేచి నిలబడి "కుచ్ నై మేడమ్" అన్నాడు, కళ్ళు ఎర్రగా పెట్టుకుని. ఆవిడ నావైపు చూసింది. నేను చెప్పాను.

"ఎందుకు చెప్పినవక్కా?" అన్నాడు ఆవిడ వెళ్ళాక. "గామె పోయి ఏదన్న అంటె, ముదీర్‌కు కోపమొస్తె, వాని పాస్‌పోర్టు జన్మల ఇయ్యడు. నా వీసా గూడ ఖలాస్."

"ఏడుస్తూ ఏమీ లేదంటే ఆవిడకి కళ్ళు లేవనుకున్నావా? ఊరుకో బాబూ."

పైకి అలా అన్నానే గానీ నాకూ భయమే. ఆవిడ తమ్ముడి పేరు అడిగింది, ఊరి పేరూ తల్లి పేరూ ముందే తెలుసు. శుక్రవారం వెళ్దాం అంది. అంతే. మొహంలో ఏదో వెలుగు వచ్చింది. కష్టం వింటే మనకి మొహం వాడుతుంది కదా, ఆవిడకి వెలిగింది. అది నాకు ఏ మాత్రం నచ్చలేదు.

శుక్రవారం పొద్దున్నే నన్ను గుడ్లు ఉడకబెట్టమంది. మలయాళీ కొట్టులో అరటాకు తెప్పించింది. ఆకుని గరాటులా చుట్టి, ముళ్ళు గుచ్చి, ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టింది. చుట్టూ ఉడికిన గుడ్లు. జిగురు అన్నం ముద్దలు. పెరట్లో కాగితంపూలు కోసి గుచ్చింది. తెల్లనూలు జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి, ఆకు గరాటుకి వేలాడదీసింది. దొరగారి అలమారలోంచి ఒక సీసా తీసి పక్కన పెట్టింది.

అన్నం ముద్దలు, గుడ్లు, పూలు, నూలు, సారా! మా లంకల్లో అమావాస్య మర్నాడు మూడుదారులు కలిసేచోట ఇవి కనిపిస్తే పిల్లల్ని చంకనెత్తుకుని పరుగెత్తేవాళ్ళం. దాన్ని చిల్లంగి అంటాం. నూలు తెల్లది, పసుపైనా రాయలేదు. పసుపు లేని తెల్లదారం బతికున్నవాళ్ళ చేతికి ఎవరు కడతారు?

పళ్ళెం పట్టుకుని బయటికి వస్తే డ్రైవరు చూశాడు. తీసిన కారు తలుపు మళ్ళీ ధడాలున మూసేశాడు.

"బాణామతి!" అన్నాడు. "అక్కా, నేను బండి తియ్య. సంపినా తియ్య."

"మేం చిల్లంగి అంటాం" అన్నాను నేను.

"ఏదైతెంది! సావనీకె మావోడే దొరికిండా?"

మేడమ్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏమిటి సంగతి అంది. నేను నాకొచ్చిన హిందీలో, సగం చేతులతో, మా ఊళ్ళో ఇలాంటి పళ్ళెం ఎవరు ఎందుకు పెడతారో చెప్పాను. అంతా విని, కారు మెట్టు మీద కూర్చుంది. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

మనిషి ఒంట్లో ముప్పైరెండు ప్రాణాలుంటాయట. కంటికొకటి, చేతికొకటి, ఇలా. పెద్ద భయం తగిలితే కొన్ని బెదిరి ఒళ్ళు వదిలి పోతాయి. పడినచోటే తిరుగుతుంటాయి. అన్నం పెట్టి, పూలు పెట్టి, పేరు పెట్టి, రండమ్మా ఇంటికి అని పిలిచి, మళ్ళీ పోకుండా మణికట్టుకి దారంతో కట్టెయ్యాలి. పెళ్ళికీ ఇదే, పురుడికీ ఇదే, దూరం వెళ్ళేవాళ్ళకీ ఇదే.

వినడానికి కొత్తేం కాదు. మా ఊళ్ళో పిల్లలు జడుసుకుంటే తాయెత్తు కట్టమా? కానీ చిల్లంగి పెట్టేవాళ్ళు మాత్రం, ఇది చిల్లంగి అని చెప్పి పెడతారా?

డ్రైవరు ఆలోచించి ఒక ఉపాయం తీశాడు. "అక్కా, చేసినోళ్ళు చేసింది నోట్లె పెట్టరు. తింటె తిరిగి వాళ్ళకే కొడ్తది. గామెను ఆ గుడ్డు తినమను."

చెప్పాను. మేడమ్ పకపకా నవ్వింది. పళ్ళెంలోంచి గుడ్డు తీసి, పెంకు వలిచి, రెండు ముక్కలుగా కొరికి తినేసింది. డ్రైవరు ఆవిడ గొంతువైపే చూస్తున్నాడు.

"మింగిందా అక్కా?"

"మింగింది."

"ముద్ద గూడ."

ముద్ద కూడా తింది. నీళ్ళడిగింది. ఇంకొకటి తినమంటారా, రెండోదానికి ఉప్పు ఇవ్వండి అంది. డ్రైవరు ఇంకేం అనలేక, "సీసా మాత్రం వద్దు. పోలీసులు వడ్తె గుడ్డు తిన్నా ఇడువరు" అన్నాడు. సీసా లోపల పెట్టేసి, ఎర్ర షర్బతు గ్లాసు పెట్టుకుంది.

దారి పొడుగునా పళ్ళెం నా ఒళ్ళో. వంతెన దాటి ముసఫ్ఫా చేరేసరికి చెమటకి చీర కొంగు తడిసిపోయింది.

క్యాంపు అంటే రేకుల గదుల వరస, మధ్యలో ఇసుక. సెలవురోజు గనక లుంగీలు ఆరేసుకుంటూ, జుట్టు కత్తిరించుకుంటూ మగవాళ్ళంతా బయటే ఉన్నారు. అక్కడికి ఆడమనిషి రావడమే వింత. ఆవిడ కారు దిగి, ఎదురుపడ్డ ప్రతివాడికీ దణ్ణం పెట్టుకుంటూ నడిచింది. జుట్టు కత్తిరిస్తున్న కత్తెరవాడు కత్తెరతోనే దణ్ణం పెట్టాడు.

ముందు ముదీర్ గదికి వెళ్ళింది. నేను గుమ్మంలో. కుర్రాణ్ణి ఇంటికి పంపమని అడిగింది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు గానీ మాట మాత్రం అదే. నాటక్. ఇవాళ ఒకణ్ణి పంపితే రేపు పదిమంది పరంజా మీంచి పడతారు అన్నాడు. ఆవిడ వాదించలేదు. అతనికి ప్రాణం కుదుటపడేలా మా దేశపు మొక్కు ఒకటి ఉంది, ముంగిట్లో చేసుకోవచ్చా అంది. ఆయన అనుమానంగా పళ్ళెం చూశాడు. తినేదేగా, చేసుకోండి అన్నాడు.

తమ్ముణ్ణి ఇద్దరు రెక్కలు పట్టి తెచ్చి చాపమీద కూర్చోబెట్టారు. చిక్కి సగమయ్యాడు. మేడమ్ అతని తల్లి పేరు పెట్టి పలకరించింది. గోడవైపు తప్ప ఎటూ చూడని మనిషి తల ఎత్తాడు.

అప్పుడు ఆవిడ వాళ్ళ భాషలో పిలవడం మొదలుపెట్టింది. పాటా కాదు, మాటా కాదు. నన్ను చెప్పమంది, నేను తెలుగులో చెప్పాను: "పరంజా మీద ఉంటే రండి, ఇసకలో ఉంటే రండి, ఎండలో తిరగొద్దు, అన్నం పెట్టాం, ఇంటికి రండి." నా గొంతు నాకే కొత్తగా ఉంది. దారం తీసి అతని మణికట్టుకి కట్టింది. వాళ్ళ పద్ధతిలో, కట్టేవాళ్ళ మోచెయ్యి పక్కవాళ్ళు పట్టుకోవాలి, వాళ్ళ మోచెయ్యి వెనకవాళ్ళు. దీవెన అందరిదీ అవుతుందట. డ్రైవరు భయపడుతూనే ఆవిడ మోచెయ్యి ముట్టుకున్నాడు, అతన్ని ఇంకొకడు, అతన్ని ఇంకొకడు. నిజామాబాద్ వాళ్ళు, బిహారీలు, పఠాన్లు, కత్తెరవాడు. చూస్తుండగా ముంగిలంతా ఒకణ్ణొకడు పట్టుకున్న మనుషులే.

నేను మేడమ్ మొహం చూశాను. ఫోటోలో మైకు ముందున్న మొహం అదే.

"మీటింగ్ వెట్టిందక్కా" అన్నాడు డ్రైవరు పళ్ళ బిగువున. "మావోని పేరు చెప్పి మీటింగ్ వెట్టింది."

ఆ దేశంలో కూలీలు ఇలా గుంపుకడితే జైలేనని అందరికీ తెలుసు. ముదీర్ గదిలోంచి ఊడిపడ్డట్టు వచ్చాడు. "యే క్యా హై? హర్తాల్?" అని అరిచాడు. అందరి చేతులూ బిగుసుకున్నాయి గానీ ఎవరూ వదల్లేదు.

మేడమ్ లేచి ఆయనకి దణ్ణం పెట్టింది. మీకోసమే ఆగాం అంది. ఈ చోటుకి పెద్ద ఎవరైతే వాళ్ళు కట్టాలి, తండ్రి లేనిచోట మీరే తండ్రి అంది. ఆ మాట హిందీలో అంది, అందరికీ వినబడేలా. ఇంకో దారం ఆయన చేతిలో పెట్టింది. అంతమంది చూస్తుంటే ఆయన ఏం చేస్తాడు? నవ్వలేక నవ్వి వంగాడు. ముడి వేశాడు.

"ఇప్పుడు దీవెన అనాలి" అంది మేడమ్. "ఖుషీ సే ఘర్ జావ్." సంతోషంగా ఇంటికి వెళ్ళు అని.

ఆయన ఆగాడు. ఆవిడవైపు చూశాడు. ఆవిడ చేతులు జోడించుకునే ఉంది, ఏమీ ఎరగనట్టు.

"ఖుషీ సే... ఘర్ జావ్" అన్నాడు ముదీర్.

ముంగిలంతా ఒక్కసారి హోరెత్తింది. కత్తెరవాడు ఈల వేశాడు. నేను ఆ క్షణంలో అర్థం చేసుకున్నాను, ఈవిడ మా గోదావరిలాంటి నదుల్ని పడవల్లో దాటి ఓట్లు ఎలా తెచ్చుకుందో.

వచ్చేముందు మగవాళ్ళకి రెండు మాటలు చెప్పింది. దారం మూడురోజులుండాలి, కత్తిరించకూడదు, ముడి విప్పాలి. సాబ్ కనిపించినప్పుడు దణ్ణం పెట్టి, దీవెన ఎప్పుడు ఫలిస్తుందని మర్యాదగా అడగండి. గొడవ వద్దు.

మర్నాడే దొర ఆఫీసునుంచి మనిషి వచ్చాడు. ఇంకోసారి క్యాంపులో జనాన్ని పోగుచేస్తే ఈ ఇంట్లో పనివాళ్ళ వీసాలన్నీ ఖలాస్ అన్నాడు. మేడమ్‌తో కాదు, మాకు వినబడేలా వరండాలో అన్నాడు. ఆవిడకేం, దొర ఉన్నాడు. పోయేది మేమే. ముసఫ్ఫాకి వెళ్ళడానికి వీల్లేకుండా పోయింది. అక్కడ తమ్ముడు తింటున్నాడో లేదో తెలీదు.

మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోకి వచ్చి పీటమీద కూర్చుంటే, నేను ఇక ఉండబట్టలేక అడిగేశాను. "మేడమ్, మీకు ఏం కావాలి? మా దగ్గర ఓట్లు లేవు."

ఆవిడ వెదురుబుట్ట అంచు సవరించింది. తరవాత చెల్లెలి మాట చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరూ పడవెక్కారట. చెల్లెలికి నీళ్ళంటే భయం. పడవ కదిలేలోపు వణికిపోయి ఒడ్డుకి దూకేసింది. "రేపు మనిషిని పంపిస్తాను, ఇంటికెళ్ళు" అని ఈవిడ అంది. పంపలేకపోయింది. సభలో కూర్చున్న మనిషి, ఊరంతా మాట వినే మనిషి. "ఊళ్ళన్నిటికీ ఎన్నో మాటలిచ్చాను, దానికి ఇచ్చింది ఒకటే" అంది. చెల్లెలు ఎక్కడుందో ఇప్పటికీ తెలియదట.

కళ్ళు తడిశాయి. నాకూ తడిశాయి. కానీ తడి ఆరాక అనుకున్నాను: లీడర్లకి చెల్లెలి మాట ఎప్పుడు తేవాలో కూడా తెలుస్తుంది. అయితే కథలో అతుకు మాత్రం అతికింది. అంతవరకు ఒప్పుకోవాలి.

ముసఫ్ఫాలో ఏం జరిగిందో తరవాత తెలిసింది. ముదీర్ పొద్దున్న గది తలుపు తీస్తే బస్సెక్కే వరసలో మొదటివాడు దణ్ణం పెట్టి, "సాబ్, దువా కబ్ పూరీ హోగీ?" అన్నాడు. రెండోవాడూ అదే. మూడోవాడూ అదే. ఎవడూ పని మానలేదు, ఎవడూ గొంతు పెంచలేదు. సాయంత్రం బస్సు దిగుతూ మళ్ళీ అదే. క్యాంపులోని పఠాన్ ఒకడైతే ఆయన భోంచేస్తుంటే కిటికీలోంచి అడిగాడట. దీవించినవాణ్ణి ఏమని తిడతాడు? దారం విప్పాల్సిన మూడో రోజున తమ్ముడి పాస్‌పోర్టు బల్లమీద పడేసి, "లే జావ్, ఖలాస్, ముఝే ఛోడో" అన్నాడట.

తమ్ముణ్ణి విమానం ఎక్కించే రోజు డ్రైవరు ఒక్కడే వెళ్ళాడు. ఊళ్ళో వాళ్ళమ్మ చూసి బాణామతి అనుకుంటుందని, తమ్ముడు ఇంకా విప్పుకోని ఆ దారాన్ని విమానాశ్రయం బయట బ్లేడుతో కోసెయ్యబోయాడట. తమ్ముడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇంటికి పొయినంక అమ్మనే ఇప్పుతది" అన్నాడట. నడిచే లోపలికి వెళ్ళాడు. మెట్ల దగ్గర ఒక్కసారి ఆగి, కమ్మీ పట్టుకుని, పైకి ఎక్కాడు.

డ్రైవరు తిరిగొచ్చేసరికి మేడమ్ వాకిట్లో కాగితంపూల మొక్కకి నీళ్ళు పోస్తోంది. రోజూ ఆవిడే ముందు చేతులు జోడించేది కదా, ఆ రోజు చేతిలో గొట్టం ఉంది. డ్రైవరు కారు దిగి, గబగబా వచ్చి, ఆవిడ గొట్టం కింద పెట్టేలోపే రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. నీళ్ళు అతని చెప్పుల మీదుగా పారుతున్నాయి. ఆవిడ కంగారుపడింది. ముందుగా దణ్ణం అందుకోవడం ఆవిడకి అలవాటు తప్పినట్టుంది.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆ రోజు ఆవిడకి ఒక ఓటు పడింది. ఆవిడ తలెత్తి కిటికీవైపు కూడా చూసింది. నేను పొయ్యిమీద బుట్ట దించే పని చూసుకున్నాను. నా ఓటు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంచుకున్నాను.